వాడుకలో ఉన్న కుంచె

ఆ రోజు పొద్దున ఆకాశం ఒక్కసారి ఉరిమి ఊరుకుంది. జపానులోని నోతో తీరంలో చలికాలం మొదట్లో వచ్చే ఉరుము అది. దాని వెనక వచ్చేది వాన కాదు, మంచు. సీసం రంగు మబ్బు సముద్రానికి ఆనుకుని కదలకుండా ఉంది. ఆ ఉరుముకి బెదిరి లోతుల్లోని బురి చేపలు ఒడ్డుకు వస్తాయని ఇసొయె పుట్టింటి వాడలో అనుకునేవాళ్ళు. ఆవిడ వంటింట్లో బియ్యం కడుగుతూ ఉరుము విన్నది. బజారులో ఇవాళ బురి దొరుకుతుంది, ముల్లంగి ఇంట్లోనే ఉంది, మధ్యాహ్నానికి అదే కూర, అనుకుంది.

"ఇదిగో," అన్నాడు ముందు గదిలోంచి గెన్పో.

పెళ్ళయినప్పటినుంచీ ఆ ఇంట్లో ఆవిడ పేరు అదే. ఆయన్ని మాత్రం ఊరంతా గురువుగారూ అంటుంది. చెక్క సామాను మీద లక్క పూసే పనిలో ఆయనంతటివాడు ఆ తీరం మొత్తం మీద లేడని పేరు. నలుగురిలో ఉన్నప్పుడు ఇసొయె కూడా మొగుణ్ణి గురువుగారనే అంటుంది.

ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ గడప దగ్గరికి వచ్చింది.

"రేపు కుంచెలు కట్టే ముసలాయన జుట్టుకోసం వస్తున్నాడు. ఇవాళ కోడలికి తల రుద్ది ఆరబెట్టు. జిడ్డు ఉండకూడదు."

"చిగుసా ఒప్పుకుందా?"

"ఒప్పుకునేదేముంది ఇందులో? ఇంటి పనేగా."

కొడుకు మసఫుమి అప్పుడే పని బట్టలు వేసుకుని వచ్చి కూర్చున్నాడు. "జుట్టే కదమ్మా, మళ్ళీ పెరుగుతుంది. నేను చెప్పాన్లే దానికి," అన్నాడు.

చిగుసా టీ పళ్ళెంతో తలుపు అవతల ఆగిపోయి ఉంది. నడుము దిగిన జడ. పిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. అక్కడి పసివాళ్ళు ఆ జడ పట్టుకుని రైలాట ఆడతారని ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు నవ్వలేదు. కప్పులు వాళ్ళ ముందు పెట్టి వెళ్ళిపోయింది.

"ఇంకోటి," అన్నాడు గెన్పో టీ ఊదుకుంటూ. "నీ మోకాళ్ళు కొండ ఎక్కనంటున్నాయిగా. కళామందిరంలో నీళ్ళు పోసే పని కూడా ఆ పిల్లకి అప్పజెప్పు. ఇవాళ వెంటబెట్టుకెళ్ళి చూపించు."

ఇసొయె వంటింట్లోకి తిరిగి వెళ్ళి బియ్యంలో నీళ్ళు మార్చింది.

లక్క పూసే కుంచెకి ఆడవాళ్ళ జుట్టే కావాలి. గుర్రం వెంట్రుక గీతలు పెడుతుంది. రంగు వెయ్యనిది, వంకీలు తిప్పించనిది, పొడుగాటిది కావాలి. అందులోనూ సముద్రంలో మునిగి గుల్లలు ఏరే ఆడవాళ్ళ జుట్టంటే కుంచెలవాళ్ళు పడి చస్తారు. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నాని, జిడ్డంతా పోయి, ఒక్కొక్క వెంట్రుకా తీగలా నిలబడుతుందట. ఆ జుట్టుని జిగురుతో పలకలా బిగదీసి రెండు చెక్కల మధ్య అంటిస్తారు. పిడి ఈ చివరినుంచి ఆ చివరిదాకా లోపలున్నది జుట్టే. మొన అరిగినప్పుడల్లా పెన్సిలు చెక్కినట్టు చెక్క కోసి లోపలి జుట్టు బయటికి తీస్తారు. మంచి కుంచె పనివాడికి ఒక జీవితకాలం వస్తుంది.

ఇసొయె ఆ మునిగేవాళ్ళ వాడలో పుట్టింది. పెళ్ళిచూపులకి వచ్చిన అత్తగారు ఆవిడ మొహం సరిగ్గా చూడనేలేదు. "జడ విప్పమ్మా ఒకసారి," అంది. విప్పితే వేళ్ళ మధ్య పెట్టి రుద్ది చూసి, "పిల్ల నలుపే. జుట్టు మాత్రం బంగారం," అంది. ఆ మాటకి ఇసొయె సిగ్గుపడింది, లోపల సంతోషించింది కూడా. ఇప్పటికీ తల్చుకుంటే ఆవిడని ఎక్కువ బాధ పెట్టేది ఆ సంతోషమే. కాపురానికి వచ్చిన ఆ చలికాలంలోనే అత్తగారు చాప పరిచి కూర్చోబెట్టింది. కాయితపు తాడుతో జుట్టు కుదుళ్ళ దగ్గర బిగించి కట్టింది. గెన్పో ఎదురుగా కూర్చుని తెల్లటి కాయితం పరిచి పట్టుకున్నాడు, ఒక్క వెంట్రుక కూడా కింద పడకుండా. కత్తెర చప్పుడవుతుంటే ఆయన "కదలకు" అన్నాడు. పగటి వెలుగులో మొగుడు ఆవిడతో అన్న మొదటి మాట అదేనేమో.

తలకి గుడ్డ కట్టుకుని పుట్టింటికి వెళ్ళింది. తల్లి గుమ్మంలో కూర్చుని కత్తితో గుల్లలు విప్పుతోంది. గుడ్డ తీసి చూసింది. చాలాసేపు చూసి, "నీ చెవులు బాగుంటాయే. ఇన్నాళ్ళూ కనబడలేదు," అంది. మళ్ళీ గుల్ల అందుకుంది. ఆ తల్లి చేతిలో కత్తి ఎప్పుడూ జారదు. ఆ రోజు జారింది.

జుట్టు పెరిగింది. అందరూ చెప్పినట్టే పెరిగింది. మసఫుమి పుట్టాక మళ్ళీ కోశారు. ఆ తర్వాత ఇసొయె దాన్ని పెరగనివ్వలేదు. మెడ దాటేలోపే తనే పెరట్లో నిలబడి కత్తిరించుకునేది. పనికి ఇదే సుఖం అని అందరితో చెప్పేది. "మొండిది," అనేది అత్తగారు.

ఇద్దరూ పొద్దెక్కాక కొండదారి పట్టారు. చిగుసా చేతిలో నీళ్ళ కెటిలు, ఇసొయె చేతిలో తాళంచెవులు, తుడిచే గుడ్డలు. గాలి చల్లగా కొడుతోంది. మెట్లు ఎక్కుతూ ఇసొయె మధ్యలో ఆగింది.

"కూర్చుందామా అత్తయ్యా?"

"కూర్చుంటే లేవను. నడువు."

కళామందిరం గెన్పో పేరు మీద ఊరివాళ్ళు కట్టించింది. ఆ రోజు దానికి వారపు సెలవు. లోపల యునో ఒక్కతే కాపలా ఉంది. బల్ల దగ్గర మినప రొట్టె తింటున్నదల్లా గబగబా నోరు తుడుచుకుని లేచి వంగింది.

"అమ్మగారూ, ఇంత చలిలో వచ్చారా! చిన్నమ్మగారు కూడానా! అవునులెండి, ఇంటివాళ్ళ చెయ్యి పడాలి."

ఆ మాట ఇసొయె విన్నదే. లక్క ఎండలో ఆరదు, తడిలోనే ఆరుతుంది. ఆరి గట్టిపడ్డాక కూడా గాలి పొడిబారితే లోపలి చెక్క బిగుసుకుని పగులుతుంది. అందుకే ప్రతి గాజుపెట్టెలోనూ ఒక మూల చిన్న గిన్నెతో నీళ్ళు ఉంచుతారు. మందిరం తెరిచిన రోజున ఊరి పెద్ద ఒకాయన లేచి, "అమ్మగారి చెయ్యి పడితేనే వీటికి ప్రాణం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గెన్పో కూడా కొట్టాడు. మర్నాటి పొద్దుటినుంచి ఇసొయె కొండ ఎక్కుతూనే ఉంది. అంతమంది చప్పట్లు కొట్టాక ఇంక అడగడానికేముంది?

గోడ మీద పెద్ద అక్షరాలు. చిగుసా ఆగి చదివింది. చెక్క తొలచడం మొదలు చివరి మెరుగుదాకా ప్రతి మెట్టూ గురువుగారి చేతిమీదుగానే సాగుతుందని ఉంది.

"ప్రతి మెట్టూనా!" అంది చిగుసా మెల్లిగా.

"అక్షరాల మీద దుమ్ము పట్టింది. తుడువు," అంది ఇసొయె.

గుడ్డ అంటించి, మట్టి కలిపిన లక్క పట్టించి, ఆరిన ప్రతి పూతనీ నీళ్ళు పోసుకుంటూ రాయితో నున్నగా అరగదియ్యడం ఆ ఊళ్ళో ఆడవాళ్ళ పని. చివరి మెరుగు ఉత్త చేత్తోనే పెట్టాలి. నూనె, మెత్తటి పొడి, అరచెయ్యి. అద్దంలా మొహం కనబడేదాకా రుద్దుతూ ఉండాలి. రుద్ది రుద్ది ఇసొయె వేళ్ళ మీద గీతలు పోయాయి. కొడుకు కొత్త ఫోను కొనిచ్చి బొటనవేలు పెట్టమంటే, అది ఎన్నిసార్లు పెట్టినా ఒప్పుకోలేదు. మసఫుమి పడీ పడీ నవ్వాడు. "అమ్మకి వేలిముద్రల్లేవు నాన్నా! దొంగతనం చేసినా దొరకదు!" గెన్పో కూడా నవ్వాడు. ఇసొయె కూడా నవ్వింది. ఆ రాత్రి స్నానాల తొట్టిలో కూర్చుని వేళ్ళు దీపానికి పట్టి చూసుకుంది. గవ్వల్లా ఉన్నాయి.

ఒక్కో పెట్టె తెరవడం, గిన్నె తియ్యడం, కడగడం, నీళ్ళు పొయ్యడం, గాజు తుడవడం. చిగుసా తొందరగానే పట్టుకుంది. హాలు మధ్యలో నల్లటి లక్క పెట్టె ఒకటి విడిగా ఉంది. తోక్యోలో పెద్ద బహుమతి వచ్చింది దానికే. అద్దంలాంటి నలుపులో మూత మీద ఒక పక్కగా సన్నటి మసక పాకి ఉంటుంది. దాన్ని సముద్రం మీద పొగమంచు అన్నారు. చేతికందని కళ అన్నారు.

చిగుసా వంగి చూసింది. "నిజంగానే మంచు పడుతున్నట్టుంది అత్తయ్యా. మావయ్యగారు ఇది ఎలా తెచ్చారో!"

ఇసొయె గిన్నెలో నీళ్ళు పోసింది. నిండుగా పోసి, కొంచెం ఒంపేసింది.

"మా అమ్మ పోయిన రోజు అది," అంది.

చిగుసా తల ఎత్తింది.

"మునిగింది, పైకి రాలేదు. మధ్యాహ్నం కబురొచ్చింది. నేను మూత మెరుగు పెడుతున్నాను. మెరుగు మధ్యలో ఆపితే మచ్చ పడుతుంది. మీ మావయ్య తల్లి నా ఎదుట కూర్చుని, 'చచ్చినావిడ ఎక్కడికీ పోదు, మెరుపు పోతుంది' అంది. సాయంత్రందాకా రుద్దాను. ఒక చోట చెయ్యి ఆడలేదు. అంతే."

"మావయ్యగారు ఏమన్నారు?"

"ఏమంటాడు! పని పాడుచేశానని ఆ నెలంతా మాట్లాడలేదు. బహుమతి వచ్చాక మాట్లాడాడు." గాజు మూసి తుడిచింది. "గుడ్డ ఇటు మడవాలి. నూగు అంటుకుంటుంది లేకపోతే."

చిగుసా కెటిలు పట్టుకుని వెనకే నడిచింది. ఆ పిల్ల అడుగుల చప్పుడు వింటుంటే ఇసొయెకి తన అత్తగారి వెనక తను నడిచిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు తనూ ఇలాగే చప్పుడు కాకుండా నడిచేది. ఇవాళ నేను ముందు నడుస్తున్నాను, అంతేగా తేడా, అనుకుంది. గుడ్డ ఎటు మడవాలో నేర్పుతున్నాను. రేపు పొద్దున చాప కూడా నేనే పరుస్తాను. కాయితపు తాడు ఎక్కడుందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. పోనీ, నాలాగే నువ్వూ ఇవాళే మెడదాకా కత్తిరించేసుకో, పీడా వదులుతుంది అని చెబితే? చెప్పొచ్చు. అప్పుడు ముసలాయనకి దక్కదు. దీనికీ దక్కదు. పసివాళ్ళకి రైలు ఉండదు. నేను చేసింది గెలుపని ఇన్నేళ్ళూ అనుకున్నాను. వాళ్ళు కొయ్యకముందే నేను కోసుకున్నాను, అంతకంటే ఏముంది అందులో?

చివరి గాజుపెట్టెలో వస్తువు ఒక్కటే ఉంది. పొట్టిగా అయిపోయిన కుంచె, తెల్లటి బట్ట మీద. వెడల్పు మూడు వేళ్ళు, పొడుగు నాలుగు వేళ్ళు మిగిలి ఉంటుందేమో. పిడి చేతి నూనెకి నల్లబడింది. మందిరం వాళ్ళు అడిగితే గెన్పో మొన్న ఎండాకాలంలో ఇచ్చేశాడు. అందుకే ఇప్పుడు కొత్త కుంచె కావలసి వచ్చింది. పక్కన చీటీ ఉంది. గురువుగారు జీవితమంతా వాడిన కుంచె, ఆయన ఆత్మ ఇందులో ఉంది.

"మనిషి జుట్టు అని రాశారు," అంది చిగుసా చీటీ కింది వరస చదివి. "ఎవరిదత్తయ్యా?" అంది.

ఇసొయె పొట్టి జుట్టు చెవుల వెనక్కి తోసుకుంది. చిగుసా చూసింది. అర్థమైంది. గాజు మీద చెయ్యి ఆన్చింది.

"నేను ఇవ్వనంటే ఏమవుతుంది?" అంది.

ఆ మాట ఈ ఇంట్లో ఇదివరకు ఎవరూ అడగలేదు. అడగొచ్చని కూడా ఇసొయెకి ఎప్పుడూ తోచలేదు. ఏమవుతుంది? గెన్పో అన్నం మానేస్తాడు. మసఫుమి మొహం తిప్పుకుంటాడు. ఊళ్ళో అంటారు, పట్నం కోడలు జుట్టుకోసం గురువుగారి పని ఆపిందని. చెయ్యి చేసుకుంటారా? చేసుకోరు. ఈ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. అవసరమే రాలేదు.

"నీకు ఇవ్వాలని ఉందా?" అంది ఇసొయె.

చిగుసా తల అడ్డంగా ఊపింది. జడ కూడా ఊగింది.

ఇసొయె తాళం తీసింది. గిన్నె ముట్టుకోలేదు. కుంచె తీసి అరచేతిలో పెట్టుకుంది. తేలిగ్గా ఉంది. మొన బొటనవేలితో తాకి చూసింది. తన ఇరవయ్యో ఏటి జుట్టు, తెల్లబడలేదు. తీగలా నిలబడి ఉంది. గుడ్డలో చుట్టి కోటు లోపల పెట్టుకుంది.

"అత్తయ్యా!"

"గాజు తుడువు. నీ వేలిముద్రలు పడ్డాయి దాని మీద. నావి ఎటూ పడవు."

చిగుసాకి నవ్వు రాబోయి ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే గాజు తుడిచింది.

బల్ల దగ్గర ఇసొయె తాళంచెవులు పెట్టింది. "రేపట్నుంచి నీళ్ళు నువ్వు పొయ్యి తల్లీ."

యునో కంగారుపడింది. "అయ్యో, నాకేం తెలుసమ్మగారూ! చిన్నమ్మగారు నేర్చుకున్నారుగా? మీ ఇంటి పని కదా ఇది!"

"మా ఇల్లు కొండ కింద ఉంది. గిన్నెలు నిండాక కొంచెం ఒంపెయ్యి, చాలు. చిగుసాకి పిల్లల బడి ఉంది." కోటు సర్దుకుంది. "కుంచె తీసుకెళ్తున్నాను. గురువుగారికి పని పడింది."

"ఆ కుంచె? మరి పెట్టె ఖాళీగా... ఏమని చీటీ పెట్టమంటారు?"

"వాడుకలో ఉందని పెట్టు."

దిగేటప్పుడు మోకాళ్ళు ఇంకా నొప్పి పుట్టాయి. చిగుసా చెయ్యి ఇచ్చింది. బజారులో బురి వచ్చింది, అనుకున్నట్టే. చేపలమ్మే ఆవిడ కూడా మునిగే వాడదే. "ఏమ్మా రాణిగారూ, మొగుడికి మందిరం కట్టారు, నీకేం కట్టారు?" అంది ముక్కలు కొడుతూ.

"తల ముక్క వెయ్యి. మాటలు తర్వాత," అంది ఇసొయె.

మధ్యాహ్నానికి కూర ఉడికింది. ముల్లంగి ముక్కలు చేపనూనె పీల్చుకుని గోధుమ రంగుకు తిరిగాయి. బయట మంచు మొదలైంది. గెన్పో, మసఫుమి చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. ఆ ఇంట్లో ఎప్పుడూ ముందు మగవాళ్ళు తింటారు. చిగుసా వడ్డిస్తుంది, ఇసొయె పొయ్యి దగ్గర నిలబడి మిగిలింది తింటుంది. ఇవాళ ఇసొయె నాలుగు గిన్నెలు పెట్టింది. కోడల్ని భుజం పట్టి కూర్చోబెట్టింది. తనూ మొగుడికి ఎదురుగా మోకాళ్ళు మెల్లిగా మడిచి కూర్చుంది.

"ఏంటిది?" అన్నాడు మసఫుమి.

ఇసొయె గుడ్డ విప్పి కుంచెని గెన్పో గిన్నె పక్కన పెట్టింది.

"ఇంకా నాలుగు వేళ్ళ జుట్టు ఉంది ఇందులో," అంది. "నాదే. చెక్క కోసుకుని వాడుకోండి. ఇది అయిపోయాక ఈ ఇంట్లో ఇంక జుట్టు లేదు. రేపు ముసలాయన వస్తే టీ ఇచ్చి పంపించెయ్యండి."

"అమ్మా, నీకేమన్నా..."

"చేప చల్లారితే నీచు కొడుతుంది. తిను."

గెన్పో కుంచె చూశాడు. తియ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇదిగో," అన్నాడు.

"ఇసొయె," అంది ఆవిడ. "నా పేరు."

కూర ఆవిరి నలుగురి మధ్యా లేచింది. ముందుగా ఇసొయె గిన్నె ఎత్తింది. తర్వాత చిగుసా. చాలాసేపటికి మసఫుమి తండ్రి వంక చూసి తనూ ఎత్తాడు. గెన్పో తినే పుల్లలు పట్టుకుని, పెట్టి, మళ్ళీ పట్టుకున్నాడు. చూరు మీద మంచు పడుతున్న మెత్తటి చప్పుడు, నమిలే చప్పుడు. చిగుసా చారు తాగడానికి వంగితే జడ భుజం మీంచి జారి బల్ల మీద పడింది, సరిగ్గా కుంచె పక్కన. మగవాళ్ళిద్దరి చూపూ దాని మీదికే పోయింది. ఇసొయె చెయ్యి చాపి జడ తీసి కోడలి వీపు మీదికి వేసి, తన అన్నం తాను తిన్నది.